సెన్సరు ‘తాకిడి తక్కువ’ అంది, ఎముక మాత్రం చిట్లింది. లెక్క ఎక్కడ తప్పింది?

కొత్తపరుగు · సోమవారం, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. వయసు 41. నాలుగు నెలల కిందట పరుగు మొదలుపెట్టాను. మొదటి రెండు నెలలు వారానికి మూడు రోజులు, రోజుకు మూడు కిలోమీటర్లు. ఒళ్లు తేలికపడింది, ఆయాసం తగ్గింది. ఇంకేం, మూడో నెలలో వారానికి అయిదు రోజులకూ, రోజుకు ఏడు కిలోమీటర్లకూ పెంచేశాను.

కుడికాలిలో, మోకాలికీ చీలమండకీ నడుమ, లోపలివైపు అంచున నొప్పి మొదలైంది. తొలిరోజుల్లో పది నిమిషాలు పరుగెత్తితే అదే సర్దుకునేది. తరువాత పరుగు ఆపేదాకా వదిలేది కాదు. ఇప్పుడు రాత్రి పడుకున్నా సలుపుతోంది. ఎముక వెంట వేలితో నొక్కుకుంటూ వెళితే పైనా కిందా ఏమీ లేదు. ఒక్కచోట, బొటనవేలి గోరంత మేర మాత్రం, తాకితే ప్రాణం పోతుంది. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. ఎమ్మారై తీసి స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే బరువు పడి ఎముకలో వచ్చే సన్న పగులు) అన్నారు.

నా సందేహం చికిత్స గురించి కాదు. బూటులో అమర్చుకునే సెన్సరు ఒకటి వాడుతున్నాను. ప్రతి అడుగుకూ నేల తాకిడి ఎంతో ఫోనులో చూపిస్తుంది. నాలుగు నెలలూ ఆకుపచ్చ గీతే, ‘తాకిడి తక్కువ’ అనే మాటే. మరి ఎముక ఎందుకు చిట్లినట్టు? అసలు పరుగు ఎముకలకు మేలా, కీడా?

మడమతిప్పను · సోమవారం, రాత్రి 9.40

ఇరవై ఏళ్లుగా పరుగెడుతున్నాను. ముందు ఆ బూట్లు విప్పి అవతల పారేయండి. మెత్తటి మడమ ఉన్న బూటు వేసుకుంటే మడమతో నేలను గుద్దుతాం, పాదం ముందుభాగంతో దిగితే ఆ గుద్దు ఉండదు. 2010లో హార్వర్డ్‌కు చెందిన డేనియల్ లీబర్‌మన్ బృందం చూపించింది ఇదే. చిన్నప్పటినుంచీ వట్టికాళ్లతో పరుగెత్తేవారు ఎక్కువగా ముందుపాదంతో దిగుతారు, వాళ్లకు మొదటి కుదుపు దాదాపు కనిపించదు. సెన్సరు కాదు, బూటే దొంగ.

ఇసుకగడియారం · సోమవారం, రాత్రి 11.05

మడమతిప్పను గారూ, కొత్తపరుగు గారి సెన్సరు ఆ మొదటి కుదుపు తక్కువనే చెబుతోంది కదా. అంటే మీ లెక్క ప్రకారం ఆయన ఎముక పదిలంగా ఉండాలి. చిక్కంతా అక్కడే ఉంది.

నేను నడకనూ పరుగునూ కొలిచే ప్రయోగశాలలో పనిచేస్తాను. రోజూ చూసేదే కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను. మా గదిలో నేలతో సమానంగా ఒక పలక బిగించి ఉంటుంది. దాన్ని ఫోర్స్ ప్లేట్ అంటాం. పాదం దానిమీద పడిన క్షణం నుంచి లేచేదాకా ఎంత బలం పడిందో సెకనుకు వెయ్యిసార్లు రాసుకుంటుంది. మడమతో దిగేవారి గీత తెరమీద ఎలా ఉంటుందంటే, ముందు సన్నటి ముల్లు ఒకటి, దాని వెనక పెద్ద గుట్ట. ముల్లు వచ్చేది పాదం ఆనిన తొలి 50 మిల్లీసెకన్లలోపే. గుట్ట శిఖరం వచ్చేది అడుగు సగానికి చేరాక. బూటు సెన్సర్లు చాలామటుకు చూసేది ఆ ముల్లునే, అదే ‘తాకిడి’.

మోకాలి కింది పెద్ద ఎముక, అంటే టిబియా, ఎక్కువ బరువు మోసేది ముల్లు దగ్గర కాదు, గుట్ట దగ్గర. పైగా ఆ బరువులో నేల వాటా చిన్నది. ఇప్పుడే లేచి నిలబడి ఒంటికాలి మునివేళ్లమీదికి లేవండి. చీలమండ కీలు నుంచి ముందుపాదం ఎంత దూరం, వెనక మడమ నరం (అకిలిస్ టెండన్, అంటే పిక్క కండరాన్ని మడమకు కట్టే తాడు) ఎంత దూరం? ముందుది వెనకదానికి రెండున్నర, మూడు రెట్లు ఉంటుంది. తక్కెడలో చిన్న కొయ్యవైపు ఉన్నవాడు ఎక్కువ లాగాలి. కాబట్టి నేల ఒకవంతు తోస్తే పిక్క కండరం ఆ నరం ద్వారా రెండున్నర, మూడు వంతులు లాగాలి. ఎముక నడుమ ఇరుక్కుంటుంది. నేల తోపూ, కండరం లాగుడూ రెండూ కలిపి దాన్నే నొక్కుతాయి.

పరుగులో నేల తోపు ఒంటి బరువుకు రెండు నుంచి మూడు రెట్లు. ఎముకమీద పడే మొత్తం దానికి మూడు నాలుగింతలు. ఫిన్లాండ్‌లో పావో కోమి అనే శాస్త్రవేత్త మనుషుల మడమ నరం చుట్టూ కొలిచే కట్టు అమర్చి పరుగెత్తించినప్పుడు నరంలో లాగుడు గరిష్ఠంగా ఒంటి బరువుకు పన్నెండున్నర రెట్లు తేలింది. మన కండరాలు పొట్టి కొయ్యమీద పనిచేస్తాయి, అందుకే మోసే బరువుకంటే ఎన్నోరెట్లు లాగవలసి వస్తుంది అని ఇటలీ శాస్త్రవేత్త బొరెల్లి 1680లోనే లెక్కగట్టాడు. 2019లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వారు పరుగెత్తేవారిని రకరకాల వేగాల్లో, ఎత్తుపల్లాల్లో కొలిచి, నేల తాకిడి అంకెలకూ టిబియా మోసే బరువుకూ గట్టి పొంతన లేదని తేల్చారు. కొన్ని సందర్భాల్లో ఒకటి తగ్గితే మరొకటి పెరిగింది కూడా.

మీ సెన్సరు అబద్ధం చెప్పలేదు. తలుపు తట్టిన చప్పుడు ఎంతో చెప్పింది. ఇంటి దూలంమీద ఎంత బరువుందో దాన్ని అడిగితే ఏం చెబుతుంది?

మడమతిప్పను · మంగళవారం, ఉదయం 6.02

అయితే ముందుపాదంతో దిగితే పిక్కమీద ఇంకా ఎక్కువ పడుతుందంటారా?

ఇసుకగడియారం · మంగళవారం, ఉదయం 7.30

అవును. మోకాలికి కాస్త తగ్గుతుంది, చీలమండకీ పిక్కకీ పెరుగుతుంది. బరువు మాయం కాదు, చిరునామా మారుతుంది. 2013లో అలవాటున్న పరుగువీరులనే తీసుకుని, సగం మందికి పది వారాలపాటు పలచటి వట్టికాలి బూట్లు అలవాటు చేశారు. ఆ గుంపులో సుమారు సగం మందికి పాదం ఎముకల్లో ఎమ్మారైలో వాపు కనిపించింది. పలచటి బూటు చెడ్డదని దాని అర్థం కాదు. పది వారాలు చాలలేదని అర్థం.

ఇనుపదూలం · మంగళవారం, ఉదయం 10.18

వంతెనల ఇంజనీరుని. శరీరశాస్త్రం నాకు తెలియదు గాని, ఈ విరగడం తీరు మాత్రం మా వృత్తిలో రోజూ చూసేదే. ఇనుప తీగను ఒకసారి వంచితే ఏమీ కాదు. అటూ ఇటూ వందసార్లు వంచండి, చేతిలోకి వస్తుంది. ఏ ఒక్క వంపూ దాన్ని విరిచేంతది కాదు.

కొత్తపరుగు గారూ, మీ అంకెలతో లెక్క వేశాను. మొదట వారానికి 9 కిలోమీటర్లు, తరువాత 35. నిమిషానికి 160 అడుగులు, కిలోమీటరుకు ఏడు నిమిషాలు అనుకుంటే కుడికాలు ఒక్కటే మొదట వారానికి అయిదు వేలసార్లు నేలమీద పడేది, ఆనక దాదాపు ఇరవై వేలసార్లు. నాలుగింతలు! మా వంతెనమీద లారీల సంఖ్య ఒక్క నెలలో నాలుగింతలైతే నాకు నిద్ర పట్టదు.

ఇంకోటి. అలసటతో వచ్చే పగుళ్లలో బరువూ, పర్యాయాల సంఖ్యా ఒకే తూకం కాదు. సంఖ్య రెట్టింపైతే నష్టం రెట్టింపు. బరువు పెరిగితే మాత్రం నష్టం పట్టపగ్గాలు లేకుండా పోతుంది. ఎముకకు వాడే నమూనాల్లో నష్టం, బరువును దానితోనే ఆరేడుసార్లు గుణించిన తీరున పెరుగుతుందని (ఘాతాంకం ఆరు, ఏడు మధ్య) చదివాను. అంటే ఒక్కో అడుగు బరువు పది శాతం పెరిగితే నష్టం దాదాపు రెట్టింపు. వేగం కూడా పెంచారా?

కొత్తపరుగు · మంగళవారం, మధ్యాహ్నం 1.25

పెంచాను. మూడో నెల చివర్లో వారానికి రెండు రోజులు. అడిగితేనే గుర్తొచ్చింది, సిగ్గుగా ఉంది.

కానీ ఇనుము తనను తాను బాగుచేసుకోదు కదా. ఎముక బతికున్న వస్తువు. ఎప్పటికప్పుడు అతుకు వేసుకుంటూ పోవాలి. ఎందుకు వేసుకోలేదు?

కట్టుకట్టేవారు · మంగళవారం, రాత్రి 8.50

ఫిజియోథెరపిస్టుని. మంచి ప్రశ్న, ఎందుకంటే జవాబు వింటే అన్యాయం అనిపిస్తుంది. ఎముక బాగుచేసుకోవడం వల్లనే మీది మరింత బలహీనపడింది.

గోడలో పగులు వస్తే మేస్త్రీ ఏం చేస్తాడు? చుట్టూ ఉన్న పాత సున్నమంతా పెచ్చులుగా కొట్టేసి, తరువాత కొత్తది పూస్తాడు. ఎముకదీ అదే పద్ధతి. సన్న పగుళ్లు పడ్డచోట ముందు ఎముకను తినేసే కణాలు దిగి సొరంగం తవ్వుతాయి. దానికి కొన్ని వారాలు. వాటి వెనక కొత్త ఎముకను పోసే కణాలు వస్తాయి. పూడ్చి గట్టిపడేసరికి మూడు నాలుగు నెలలు. తవ్వడం త్వరగా, పూడ్చడం నెమ్మదిగా. ఈ మధ్యకాలంలో అక్కడ నిజంగానే చిల్లులు ఎక్కువగా ఉంటాయి. మీరు సరిగ్గా ఆ సమయంలో దూరమూ వేగమూ రెండూ పెంచారు. ఊపిరితిత్తులు, కండరాలు కొన్ని వారాల్లో తయారై ‘ఇంకా పద’ అంటాయి, ఎముక ఇంకా తవ్వకాల దశలోనే ఉంటుంది. నా దగ్గరికి వచ్చే కొత్తవాళ్లలో ఎక్కువమంది కథ ఇదే.

ఇది కొత్త జబ్బు కూడా కాదు. 1855లో బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు, దూరాలు కవాతు చేసిన సైనికుల పాదాలు వాచి నొప్పి పెడుతున్నాయని రాశాడు. అప్పటికి ఎక్స్‌రేలు లేవు. అది ఎముక చిట్లడమని 1897లో గాని తేలలేదు.

రెండు సంగతులు మాత్రం మీ డాక్టరుతో తప్పకుండా మాట్లాడండి. ఒకటి, చిట్లిన చోటు. లోపలి అంచు అయితే మామూలుగా బాగానే అతుక్కుంటుంది. ఎముక ముందువైపు గట్టు అయితే మొండిది, సులువుగా అతకదు, అక్కడ తొందరపడకూడదు. రెండు, పరుగు మొదలుపెట్టాక తిండి తగ్గించారా? ఖర్చుకు తగినంత తినకపోతే శరీరం ముందుగా వేటు వేసేది ఎముక నిర్మాణంమీదే. ఆడవాళ్లలో నెలసరి తప్పడం దానికి తొలి హెచ్చరిక. మగవాళ్లకు అలాంటి గంట మోగదు కాబట్టి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

కొత్తపరుగు · మంగళవారం, రాత్రి 9.15

లోపలి అంచే. తిండి తగ్గించాను, ఆరు కిలోలు తగ్గానని అందరికీ చెప్పుకుని మురిసిపోయాను కూడా. సరే, అర్థమైంది.

ఈతకొలను · మంగళవారం, రాత్రి 10.30

పన్నెండేళ్లుగా వారానికి ఆరు రోజులు ఈదుతున్నాను. ఒక్క దెబ్బ తగల్లేదు. ఎముకలకు నాదే మంచి దారి అన్నమాట.

కట్టుకట్టేవారు · బుధవారం, ఉదయం 7.10

గుండెకు, ఊపిరికి, కీళ్లకు మంచి దారి. ఎముకల సాంద్రత విషయంలో మాత్రం పోటీ ఈతగాళ్లు, సైకిలువీరులు తరచూ వెనకబడే ఉంటారు. జిమ్నాస్టులు, వాలీబాల్ ఆడేవాళ్లు ముందుంటారు. దెబ్బ తగలకపోవడం వేరు, ఎముక గట్టిపడటం వేరు.

ఈతకొలను · బుధవారం, ఉదయం 7.45

ఆగండాగండి. ఎముకమీద బరువు నేలది కాదు, కండరానిది అని నిన్న ఇసుకగడియారం గారు అంత పెద్ద పాఠం చెప్పారు. ఈతలో నా కండరాలు ఖాళీగా కూర్చుంటున్నాయా?

ఇసుకగడియారం · బుధవారం, మధ్యాహ్నం 12.40

పట్టేశారు. నిన్న రాస్తున్నప్పుడే ఎవరో ఒకరు అడుగుతారనుకున్నాను.

కండరం ఎంత లాగగలదన్నది, ఎదురుగా ఏముందన్న దానిమీద ఆధారపడుతుంది. తాడుపోటీలో అవతలివాడు తాడు వదిలేస్తూ ఉంటే మీరు ఎంత బలవంతులైనా బలం చూపించలేరు. నీళ్లు అవతలివాడి లాంటివి, తోస్తే జరిగిపోతాయి. నేల జరగదు. కాబట్టి అదే పిక్క నేలమీద లాగినంత గట్టిగా, అంత హఠాత్తుగా నీళ్లలో లాగలేదు. ఎముకకు బలం ఎంతన్నదే కాదు, ఎంత త్వరగా పెరిగిందన్నదీ లెక్కే.

ఎముక లోపల ఈ లెక్క చూసే కణాలు వేరే ఉన్నాయి. ఎముక కణాల్లో పదింట తొమ్మిది అవే, ఆస్టియోసైట్లు అంటారు. ఎముకలో పూడుకుపోయి, సన్నటి కాలువల గుండా ఒకదానికొకటి చేతులు చాచి ఉంటాయి. ఎముక వంగినప్పుడు ఆ కాలువల్లో ద్రవం కదులుతుంది, ఆ కదలికే వాటికి కబురు. నెమ్మదిగా వంచితే ద్రవం బద్ధకంగా జరుగుతుంది. గబాలున వంచితే ఉరుకుతుంది. కదలకుండా బరువు పెట్టి ఉంచితే కబురే అందదు. పక్షుల రెక్క ఎముకమీద లాన్యన్, రూబిన్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో కదలని బరువు పెట్టిన ఎముక, ఏ బరువూ పెట్టని ఎముకలాగే క్షీణించింది.

వ్యోమగాములను చూడండి. అంతరిక్షంలో తుంటి ఎముక సాంద్రత నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం తగ్గేది. మొదట్లో వాళ్లకూ సైకిలు ఉండేది, పరుగు యంత్రం ఉండేది. చాలలేదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి 2008లో పెద్ద బరువులకు సరిపడే వ్యాయామ యంత్రం పంపాక, దానితోపాటు తిండి సరిగా తిన్నవాళ్లలో నష్టం బాగా తగ్గింది.

ఈత మానకండి. వారంలో రెండుమూడు రోజులు నేలమీద గెంతే పని ఏదైనా జతచేయండి, చాలు.

మడమతిప్పను · బుధవారం, సాయంత్రం 5.20

చూశారా, చివరికి నా దారికే వచ్చారు. గెంతాలి, పరుగెత్తాలి, ఎంత ఎక్కువైతే ఎముక అంత గట్టి.

ఇసుకగడియారం · బుధవారం, సాయంత్రం 6.15

రాలేదు. అదే రూబిన్, లాన్యన్ 1984లో ఇంకో ప్రయోగం చేశారు. పక్షి రెక్క ఎముకను రోజుకు నాలుగుసార్లు వంచితే ఉన్న ఎముక నిలిచింది. 36 సార్లు వంచితే పెరిగింది. 360 సార్లు, 1800 సార్లు వంచినా 36కు వచ్చినదానికంటే ఎక్కువ రాలేదు. కాసేపటికి ఆ కణాలకు చెవులు మూసుకుపోతాయి. తరువాత ఎలుకలమీద చూసినప్పుడు, రోజుకు వేసే 360 పర్యాయాలనూ ఒక్కసారే కానిచ్చేసేకంటే తొంభై చొప్పున నాలుగు విడతలుగా, మధ్యలో గంటల విరామంతో వేస్తే ఎముక ఎక్కువ పెరిగింది.

మీ ఇరవైయవ కిలోమీటరు ఎముకకు కొత్త కబురేమీ చెప్పదు. అలసటను మాత్రం జమ చేస్తుంది.

ఇనుపదూలం · బుధవారం, రాత్రి 9.00

పక్షి, ఎలుక... మనిషి ఏడీ? మేము నమూనామీద పరీక్షించి అసలు వంతెన కట్టేటప్పుడు వెయ్యి జాగ్రత్తలు తీసుకుంటాం. మీవాళ్లు ఎలుక నుంచి నేరుగా మనిషికి దూకేస్తారు.

ఇసుకగడియారం · బుధవారం, రాత్రి 10.12

న్యాయమైన దెబ్బ. ఎన్ని పర్యాయాలు, ఎన్ని గంటల విరామం అన్న అంకెలు మనిషికి అచ్చంగా అవే అని నేను పూచీ పడను. కానీ సూత్రానికి మనుషుల్లో సాక్ష్యం ఉంది. మనిషిని మనిషితో పోలిస్తే తిండి, వయసు, వంశం అన్నీ అడ్డువస్తాయి. అందుకే తెలివైన పరిశోధకులు ఒకే మనిషి రెండు చేతులను పోల్చారు. టెన్నిస్ ఆటగాళ్లలో బ్యాటు పట్టే చేతి పైఎముక గోడ మందం, రెండో చేతికంటే మగవారిలో సుమారు 35 శాతం, ఆడవారిలో 28 శాతం ఎక్కువని 1977లోనే తేలింది. తండ్రీ తల్లీ ఒకరే, తిండి ఒకటే, ఒళ్లు ఒకటే. తేడా ఆట ఒక్కటే.

2014లో బేస్‌బాల్ బంతి విసిరేవారిని ఇలాగే చూశారు. ఆట మానేసిన ముసలివాళ్లలో కూడా, కుర్రతనంలో పెరిగిన ఎముక పరిమాణంలో సగం, బలంలో మూడోవంతు జీవితాంతం మిగిలే ఉంది. ఎముక ఎదిగే వయసులో గెంతిన గెంతులకు ఉన్న విలువ తరువాత రాదు. ఇది చదివిన రాత్రి మా పిల్లవాడిని మంచంమీద గెంతవద్దని తిట్టడం మానేశాను, మంచం సంగతి తరువాత చూసుకోవచ్చు.

మీకు నచ్చేది ఒకటి చెబుతాను. 1860లలో జూరిక్‌లో హెర్మన్ ఫాన్ మేయర్ అనే శరీరశాస్త్రవేత్త తొడ ఎముక తలను నిలువుగా కోసి, లోపలి సన్నటి కమ్మీల అల్లికను చూపిస్తుంటే, కార్ల్ కుల్మన్ అనే ఇంజనీరు అది తాను క్రేను కొక్కేనికి గీసిన బలరేఖల్లా ఉందని గుర్తుపట్టాడు. ఎముక తనమీద పడే బరువును బట్టి తన అల్లిక మార్చుకుంటుందని యూలియస్ వోల్ఫ్ 1892లో పుస్తకం రాయడానికి బీజం అదే. మీ వృత్తివాడి కంటికే ముందు ఆనింది.

ఇనుపదూలం · బుధవారం, రాత్రి 10.30

ఎలుకలను క్షమించాను.

రెండోకూతురు · గురువారం, ఉదయం 11.05

నాది పరుగు ప్రశ్న కాదు, ఇక్కడ అడగవచ్చో లేదో. మా అమ్మకు 68. ఎముకల సాంద్రత పరీక్షలో తుంటి దగ్గర టి-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువత ఎముకలతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 2.7 వచ్చింది. మందులు మొదలుపెట్టారు. అప్పటినుంచి ఇంట్లో అందరూ ఆమెను అడుగు తీసి అడుగు వేయనివ్వడం లేదు. ‘ఎముకలు గుల్లబారాయి, కూర్చో’ అంటున్నారు. మీ మాటలు చదివితే కూర్చోబెట్టడమే తప్పేమో అనిపిస్తోంది. కానీ భయం కూడా వేస్తోంది.

కట్టుకట్టేవారు · గురువారం, మధ్యాహ్నం 2.30

తప్పకుండా అడగవచ్చమ్మా. మీ భయమూ సబబే, మీ అనుమానమూ సబబే.

మైనస్ 2.5, అంతకన్నా తక్కువ వస్తే ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) అనాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో గీత గీసింది. మందు అవసరం తేల్చడానికి ఆ గీత పనికొస్తుంది. కానీ తుంటి ఎముక దానంతటదే విరగడం అరుదు. పదింట తొమ్మిదికి పైగా పడిపోవడం వల్లే, అదీ ఎక్కువగా పక్కకు పడటం వల్ల విరుగుతుంది. ముందుకో వెనక్కో పడినదానికంటే పక్కకు పడితే ప్రమాదం ఆరింతలు. కాబట్టి అమ్మగారికి రెండు పనులు కావాలి. ఎముకను నిలబెట్టడం ఒకటి, పడకుండా చూడటం రెండోది. కుర్చీ ఆ రెండింటికీ శత్రువు.

ఎలా పడతారన్నది కూడా మనం అనుకునేలా లేదు. కెనడాలో సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం వారు వృద్ధాశ్రమాల్లో కెమెరాలు పెట్టి 130 మంది పడిన 227 సందర్భాలను చూసి 2013లో ప్రచురించారు. కాలు తట్టుకుని పడినవి 21 శాతమే. 41 శాతం, ఒంటి బరువును ఒక కాలి నుంచి మరో కాలికి మార్చుకోవడంలో తప్పి పడినవి. లేచేటప్పుడు, తిరిగేటప్పుడు, కూర్చోబోతూ. అందుకని తివాచీలు తీసేయడంతో పని అయిపోదు, బరువు మార్చుకోవడం సాధన చేయాలి.

వ్యాయామం సంగతి. ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయం 2018లో ప్రచురించిన ప్రయోగంలో, ఎముకల సాంద్రత తగ్గిన, నెలసరి ఆగిన 101 మంది మహిళలు పాల్గొన్నారు. ఒక గుంపు చేత వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున నిజంగా పెద్ద బరువులు ఎత్తించారు, గెంతించారు. ఎనిమిది నెలల్లో వాళ్ల నడుము ఎముకల సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసిన గుంపుకు 1.2 శాతం తగ్గింది. అయితే ఒక మాట అండర్‌లైన్ చేసుకోండి. ప్రతి నిమిషం నిపుణులు పక్కనే ఉన్నారు, బరువులు నెలల తరబడి మెట్టుమెట్టుగా పెంచారు. వీడియో చూసి అమ్మగారి చేతికి బరువు ఇవ్వవద్దు. ముందు డాక్టరును, తరువాత ఈ పని తెలిసిన ఫిజియోను కలవండి. వెన్నుపూస ఇప్పటికే ఎక్కడైనా నలిగిందేమో చూసుకోవాలి. నడుము గుండ్రంగా వంచి బరువు లేపే పనులు మాత్రం వద్దు.

ఇసుకగడియారం · గురువారం, సాయంత్రం 4.45

దీనికి నాది చిన్న తోక. బెర్లిన్‌లో గేయార్గ్ బెర్గ్‌మన్ బృందం, తుంటి మార్పిడి చేయించుకున్నవారి కృత్రిమ కీలు లోపలే కొలిచే పరికరం పెట్టింది. గంటకు 4 కిలోమీటర్ల వేగంతో నడిస్తే తుంటిమీద సగటున ఒంటి బరువుకు 238 శాతం. ఒక రోగి తూలి నిలదొక్కుకున్నప్పుడు 870 శాతం! పడలేదు, తూలాడంతే.

ఎందుకంత? గోడ పక్కన నిలబడి, అరచేయి తుంటికి పక్కన ఆనించి, అవతలి కాలు లేపి చూడండి. చేతికింద కండరం రాయిలా బిగుసుకుంటుంది. కాలు దించితే వదులవుతుంది. మళ్లీ అదే తక్కెడ, అదే పొట్టి కొయ్య. మొండెం పక్కకు ఒరిగిపోకుండా ఆ కండరం లాగుతోంది, ఆ లాగుడంతా కీలుమీదే పడుతోంది. చేతికర్ర నొప్పి ఉన్న కాలికి ఎదుటివైపు చేతిలో పట్టుకోమనేది ఇందుకే. కర్ర అక్కడి నుంచి మొండేన్ని పట్టుకుంటే ఈ కండరానికి పని తగ్గుతుంది. చాలామంది నొప్పి ఉన్నవైపే పట్టుకుంటారు.

రెండోకూతురు · గురువారం, రాత్రి 8.20

అమ్మ చేత గోడ పక్కన ఈ పరీక్ష చేయించాను. కుడివైపు రాయిలా అయింది. ఎడమవైపు కాలు నిలవలేదు, నేను పట్టుకున్నాను. ఎడమకాలు బలహీనమని ఇంతవరకూ ఎవరికీ తెలియదు, ఆమెకు కూడా. రేపు ఫిజియోతో మాట్లాడుతున్నాను. మీ ఇద్దరికీ ధన్యవాదాలు.

బంతివెనక · శుక్రవారం, ఉదయం 9.33

ఎవరూ తాకకుండానే, గెంతి దిగడంలో మా అమ్మాయి మోకాలి లిగమెంటు తెగింది. కోచ్ ‘చూసుకుని దిగాలి’ అంటాడు. అది సాధ్యమా?

ఇసుకగడియారం · శుక్రవారం, ఉదయం 10.10

దిగాక సాధ్యం కాదు. వీడియోల నుంచి లెక్కగట్టినదాన్ని బట్టి పాదం ఆనిన సుమారు 40 మిల్లీసెకన్లలోనే తెగుతుంది. మెదడుకు కబురు చేరి కండరం బిగిసేసరికి పని అయిపోతుంది. కాబట్టి మోకాలు లోపలికి వాలకుండా, వంచి, మెత్తగా దిగే తీరు గాలిలో ఉండగానే సిద్ధమై ఉండాలి. అది సాధనతో వస్తుంది. ఫుట్‌బాల్ జట్ల కోసం తయారైన ‘ఫిఫా 11 ప్లస్’ లాంటి కసరత్తులు ఆటకు ముందు క్రమం తప్పకుండా చేస్తే దెబ్బలు మూడోవంతు వరకూ తగ్గాయి. క్రమం తప్పకుండా అన్నదే కష్టం.

నిర్వాహకులు · శుక్రవారం, ఉదయం 10.40

మోకాలి లిగమెంటుకు వేరే చర్చ తెరుస్తున్నాను, బంతివెనక గారూ అక్కడ కొనసాగించండి. ఇక్కడ ఎముకలే.

మడమతిప్పను · శనివారం, ఉదయం 5.50

ఒకటి ఒప్పుకోవాలి. ఏడాదిగా ఎడమపాదం పైభాగాన, రెండో వేలి ఎముక వెంట నొప్పి ఉంది. వయసు అనుకున్నాను. నిన్న రాత్రి కొత్తపరుగు గారు రాసినట్టే వేలితో నొక్కుకుంటూ పోయాను. ఒక్కచోటే. గోరంత.

కట్టుకట్టేవారు · శనివారం, ఉదయం 6.15

ఈరోజు పరుగు మానేసి స్కానింగ్‌కు వెళ్లండి. ఇంకేమీ రాయను.

మడమతిప్పను · శనివారం, ఉదయం 6.20

బూట్లు కట్టుకుని తలుపు దగ్గర ఉన్నాను. సరే, విప్పుతున్నాను.

ఈతకొలను · శనివారం, ఉదయం 8.00

మొదటిరోజు మీరిచ్చిన సలహా కూడా అదే కదా, బూట్లు విప్పమని.

కొత్తపరుగు · పద్నాలుగు వారాల తరువాత, ఆదివారం, ఉదయం 7.25

ఎవరికైనా గుర్తున్నానా? ఆరు వారాలు నడక తప్ప ఏమీ లేదు. తిండి సరిచేశాను, మూడు కిలోలు వెనక్కి వచ్చాయి. తరువాత పిక్కలకు బరువులు, ఆపైన రెండు కాళ్లతో చిన్న గెంతులు. గత వారం కుడికాలిమీద ఒంటికాలి గెంతులు పది, నొప్పి లేదు. నొక్కినా లేదు. డాక్టరు సరే అన్నారు. అడుగులు కాస్త పొట్టిగా, నిమిషానికి కొన్ని ఎక్కువగా వేయమని ఫిజియో నేర్పారు. మోకాలికి తప్పకుండా తేలిక, టిబియాకు కొద్దిగా తేలిక అన్నారు.

ఈరోజు ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, ఎనిమిదిసార్లు. మొత్తం పరుగు ఎనిమిది నిమిషాలు. సెన్సరు బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది, మార్చలేదు. ఊపిరి మాత్రం ఇంకో గంట పరుగెత్తవచ్చు అంటోంది. రేపు పది నిమిషాలు చేయనా?

ఇసుకగడియారం · ఆదివారం, ఉదయం 7.31

రేపు నడవండి. ఎల్లుండి మళ్లీ ఎనిమిదే.